ఏళ్లు గడిచినా తగ్గని నడుము నొప్పి: మనిషిని మొత్తంగా చూసే ఫిజియోథెరపీ అంటే ఏమిటి?

మీరు రాసినదాన్ని ముందుగా క్లుప్తంగా చెబుతాను. నాలుగేళ్ల క్రితం బరువైన పెట్టె ఎత్తుతుండగా నడుము పట్టేసింది. ఆ పట్టు కొన్ని వారాలకు సడలింది గానీ నొప్పి పూర్తిగా పోలేదు. ఎం.ఆర్.ఐ. తీయిస్తే కింది రెండు డిస్కులు, అంటే వెన్నుపూసల మధ్య ఉండే మెత్తలు, ఉబ్బాయని వచ్చింది. కరెంటు పెట్టించుకున్నారు, నడుమును సాగదీసే ట్రాక్షన్ చేయించుకున్నారు, బెల్టు కట్టుకున్నారు. వెళ్తున్నన్నాళ్లు కాస్త తేలికగా ఉండేది, మానేసిన కొద్ది రోజులకే నొప్పి మళ్లీ మొదటికి వచ్చేది. ఇప్పుడు కొత్తగా కలిసిన ఫిజియోథెరపిస్టు ఏ యంత్రమూ పెట్టకుండా, మీ నిద్ర గురించీ ఉద్యోగం గురించీ ఏయే పనులకు భయపడుతున్నారన్న దాని గురించీ గంటసేపు అడిగి, చికిత్స నడుముకు మాత్రమే కాదు, మొత్తం మనిషికి జరగాలన్నారు. అంటే నొప్పి నా ఊహ అని చెబుతున్నారా, ఈ పద్ధతికి ఆధారం ఉందా, ఇందులో నిజంగా ఏం చేస్తారు, నేను వాడుతున్న మాత్రలు మానేయవచ్చా అని మీరు అడిగారు. దీర్ఘకాలిక నొప్పితో వచ్చేవారికి చికిత్స చేయడమే చాలా ఏళ్లుగా నా పని కనుక, కాస్త విస్తారంగానే సమాధానం ఇస్తాను.

మొదటి సందేహానికి సమాధానం: మీ నొప్పి ఊహ కాదు, ఆ ఫిజియోథెరపిస్టు ఆ మాట అని ఉండరు కూడా. నొప్పిపై పరిశోధన చేసే అంతర్జాతీయ సంఘం 2020లో సవరించిన నిర్వచనం ప్రకారం నొప్పి అనేది శరీర కణజాలానికి దెబ్బ తగిలినప్పుడో, తగిలే ప్రమాదం ఉన్నప్పుడో కలిగే, లేదా అటువంటి అనుభవాన్ని పోలి ఉండే, ఇంద్రియపరమైన, భావోద్వేగపరమైన అసౌకర్యం. ఈ నిర్వచనంలో రెండు అంశాలు మీకు సంబంధించినవి. దెబ్బ లేకుండా కూడా నిజమైన నొప్పి ఉండవచ్చునన్నది ఒకటి. భావోద్వేగం నొప్పికి తరువాత వచ్చి చేరే అదనపు బాధ కాదు, నొప్పి నిర్మాణంలోనే అది ఒక భాగమన్నది రెండోది. అందువల్ల నిద్ర గురించి, భయం గురించి అడగడం నొప్పిని వదిలి మరేదో విషయంలోకి వెళ్లడం కాదు. నొప్పి ఎలా నిలబడి ఉందో తెలుసుకోవడానికి అవి మెట్లెక్కడం, వంగడం వంటి పరీక్షలంత అవసరమైన ప్రశ్నలు.

సాధారణంగా మూడు నెలలకు మించి నిలిచిన, లేదా మళ్లీ మళ్లీ తిరిగి వచ్చే నొప్పిని దీర్ఘకాలికమని అంటాం. ఈ గడువు ఊరికే పెట్టినది కాదు. కండరాలు, స్నాయువులు, కీళ్ల చుట్టూ ఉండే కణజాలం చాలావరకు ఆ లోపే మానిపోతాయి. గాయం మానాల్సిన కాలం దాటిపోయాక కూడా నొప్పి కొనసాగుతున్నదంటే, "ఎక్కడ తెగింది?" అన్న ప్రశ్న ఒక్కటే సరిపోదు. "ఈ నొప్పిని ఇప్పటికీ నిలబెడుతున్నవి ఏవి?" అని అడగాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ పదకొండవ కూర్పు, అంటే 2022 నుంచి అమల్లో ఉన్నది, దీర్ఘకాలిక నొప్పిని వేరే జబ్బుకు లక్షణంగా మాత్రమే చూడకుండా దానికి సొంత స్థానం ఇచ్చింది. నా అభిప్రాయంలో రోగులకు ఆ మార్పు ఎంతో ముఖ్యమైనది. కారణం దొరకలేదు గనుక జబ్బు లేదని తేల్చేసే అలవాటుకు అది అడ్డుకట్ట వేసింది.

ఇక మీ స్కాను సంగతి. మీకు అన్నిటికన్నా ఎక్కువ ఆందోళన కలిగించినది "ఉబ్బిన డిస్కులు" అన్న మాటేనని మీ ప్రశ్న చదివితే తెలుస్తోంది. 2015లో ప్రచురితమైన ఒక సమీక్షలో, నడుము నొప్పి ఏమాత్రమూ లేని 3,110 మంది స్కాన్ల ఫలితాలను కలిపి చూశారు. నొప్పి లేని ఇరవై ఏళ్లవారిలోనే 30 శాతం మందికి డిస్కు ఉబ్బు ఉంది, ఎనభై ఏళ్లవారిలో అది 84 శాతం. డిస్కు అరుగుదల ఇరవై ఏళ్లవారిలో 37 శాతం, ఎనభై ఏళ్లవారిలో 96 శాతం. అంటే స్కానులో కనిపించినది అబద్ధం కాదు, కానీ అది నొప్పికి కారణమని స్కాను ఒక్కటే రుజువు చేయలేదు. కాలిలోకి పాకే నొప్పి, తిమ్మిరి, బలహీనత వంటివి పరీక్షలో కనిపించి, అవి స్కానులో ఒత్తిడికి లోనైన నరానికి సరిపోలినప్పుడే ఆ చిత్రానికి బరువు పెరుగుతుంది. మీరు అటువంటివేవీ రాయలేదు. స్కాను రిపోర్టులో వాడే పదాలు సాంకేతికమైనవి. వాటిని చదివిన మనిషి తన వెన్నెముక విరిగిపోయే దశలో ఉందని అనుకోవడం, ఆ తరువాత వంగడమే మానేయడం నేను చాలా తరచుగా చూసే విషయం. కొన్నిసార్లు ఈ భయాన్ని మా వృత్తిలోని వాళ్లమే నాటుతాం: "మీ వెన్ను చాలా బలహీనం, ఇక బరువులు ఎత్తకండి" అన్న ఒక్క వాక్యం రోగి మనసులో ఏళ్ల తరబడి ఉండిపోతుంది.

గాయం మానిన తరువాత నొప్పి ఎలా ఉంటుందన్నది న్యాయమైన ప్రశ్న. ఎండకు కమిలిన చర్మం మీద చొక్కా తగిలినా మంట పుడుతుంది. చొక్కా చర్మానికి హాని చేయడం లేదు, అక్కడి నరాలు తాత్కాలికంగా అతి సున్నితంగా మారాయి, అంతే. ఇలాంటి సున్నితత్వం వెన్నుపాములో కూడా ఏర్పడగలదని 1983లో క్లిఫర్డ్ వూల్ఫ్ జంతువులపై చేసిన ప్రయోగాలతో చూపించారు. అంతకుముందే, 1965లో రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ ఒక ప్రతిపాదన చేశారు: శరీరం నుంచి వచ్చే సంకేతాలు వెన్నుపాము దగ్గర ఉన్నవి ఉన్నట్టు పైకి పోవు, అక్కడే పెరగవచ్చు, తగ్గవచ్చు, పైనుంచి మెదడు పంపే ఆదేశాలు కూడా ఆ హెచ్చుతగ్గులను నిర్ణయిస్తాయి. వారి ప్రతిపాదనలోని శరీర నిర్మాణ వివరాలు తరువాతి పరిశోధనల్లో చాలా మారాయి గానీ, మెదడు నుంచి కిందికి దిగే మార్గాలు నొప్పిని అణచగలవు, పెంచగలవు అన్న మూలసూత్రం నిలిచింది. నిద్రలేమి, ఎడతెగని ఆందోళన, దిగులు, కదలిక లేకపోవడం ఈ అణచే శక్తిని తగ్గిస్తాయి. మంచి నిద్ర, భద్రంగా ఉన్నానన్న నమ్మకం, క్రమమైన వ్యాయామం దాన్ని తిరిగి నిలబెట్టడానికి సాయపడతాయి. "మనిషిని మొత్తంగా చూడడం" అన్న మాట వెనుక ఉన్న శరీర శాస్త్రం ఇదే. 1977లో జార్జ్ ఎంగెల్ అనే వైద్యుడు జబ్బును శరీరం, మనసు, సామాజిక జీవితం మూడింటి కలయికగా చూడాలని వాదించారు. నొప్పి వైద్యం ఆ చూపును గట్టిగా పట్టుకుంది.

మీ విషయంలో ఈ మూడూ ఎలా ముడిపడి ఉండవచ్చో మీరు రాసిన వివరాల నుంచే చూపిస్తాను. పెట్టె ఎత్తినప్పుడు నొప్పి మొదలైంది గనుక బరువు ఎత్తడం మానేశారు. ఆపై వంగడం మానేశారు, తరువాత నడక తగ్గింది. కుర్చీలోంచి లేచేటప్పుడు ఊపిరి బిగపట్టి, పొట్టనూ వీపునూ బిగించి లేస్తున్నానని రాశారు. రోజంతా అలా బిగించి ఉంచిన కండరాలు సాయంత్రానికి నొప్పి పుట్టిస్తే అందులో ఆశ్చర్యం లేదు. ఆ నొప్పిని "డిస్కు ఇంకా పాడవుతోంది" అనడానికి నిదర్శనంగా తీసుకుని, మరునాడు మరింత బిగిస్తారు. రాత్రి నాలుగైదు సార్లు మెలకువ వస్తోందన్నారు. చెడిన నిద్ర మరునాటి నొప్పిని పెంచుతుంది, నొప్పి నిద్రను చెడగొడుతుంది. చాలా అధ్యయనాలను కలిపి చూస్తే ఈ రెండింటిలో నిద్ర నుంచి నొప్పి వైపు ప్రభావమే ఎక్కువ బలంగా కనిపిస్తోంది. ఉద్యోగం పోతుందేమోనన్న చింత వీటన్నిటి మీదా పని చేస్తోంది. దీనిలో ఏది ముందు, ఏది వెనుక అని తేల్చే ప్రయత్నం వృథా. చక్రాన్ని ఎక్కడ ఆపడం తేలికో చూసి అక్కడ చేయి పెట్టడమే మా పని. భయం, తప్పించుకోవడం, బలహీనత, మళ్లీ నొప్పి అన్న ఈ చక్రాన్ని యోహాన్ వ్లాయెన్, స్టీవెన్ లింటన్ 2000లో వివరంగా వర్ణించారు. ఈనాటి చికిత్స చాలావరకు ఆ వర్ణన మీదే నిలిచి ఉంది.

అయితే ఇదంతా మొదలుపెట్టడానికి ముందు చేయవలసిన పని ఒకటుంది, దాన్ని దాటవేసే చికిత్సకుడిని నేను నమ్మను. ప్రమాదకరమైన జబ్బు ఏదీ దాగి లేదని చూడాలి. మర్మాంగాల చుట్టూ, పిరుదుల మధ్య మొద్దుబారడం, మూత్రం ఆగిపోవడం లేదా మూత్రం, మలం మీద పట్టు తప్పడం, కాళ్లలో బలం రోజురోజుకూ తగ్గడం వంటివి కనిపిస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి, ఆలస్యమైతే నష్టం శాశ్వతం కావచ్చు. కారణం లేకుండా బరువు తగ్గడం, జ్వరం, గతంలో క్యాన్సర్ ఉండడం, పెద్ద ప్రమాదం లేదా ఎముకలు గుల్లబారిన మనిషి చిన్నగా పడినా ఆ తరువాత మొదలైన నొప్పి, ఏ భంగిమలోనూ తగ్గని రాత్రి నొప్పి ఉన్నవారిని ముందుగా వైద్యుడు చూడాలి. నలభై ఏళ్ల లోపు మొదలై, ఉదయం లేచాక అరగంటకు మించి నడుము బిగుసుకుపోయి, కదిలితే తగ్గి, విశ్రాంతితో పెరిగే నొప్పి వాపు జాతి కీళ్లవాతం కావచ్చు. దానికి మందులు వేరు. మీ ఫిజియోథెరపిస్టు కాళ్ల బలం, స్పర్శ, మోకాలి దగ్గర సుత్తితో తట్టి చూసే ప్రతిస్పందన పరీక్షించారని రాశారు. అది మంచి సూచన. మొత్తంగా మనిషిని చూస్తానని చెప్పి శరీరాన్ని పరీక్షించని వారు, యంత్రం పెట్టి మనిషితో మాట్లాడని వారి కన్నా ఏ విధంగానూ మేలు కాదు.

ఇప్పుడు చికిత్సలో ఏం జరుగుతుందో చెబుతాను. మొదటి ఒకటి రెండు సార్లు ఎక్కువగా మాటలు, పరీక్షలే. మంచి చికిత్సకుడు మిమ్మల్ని "నొప్పి పదికి ఎంత?" అని మాత్రమే అడిగి ఊరుకోరు. నొప్పి వల్ల మీరు చేయలేకపోతున్న, మళ్లీ చేయాలని గట్టిగా కోరుకుంటున్న మూడు పనులు చెప్పమంటారు. ఒక్కొక్కటి ఇప్పుడు ఎంతవరకు చేయగలుగుతున్నారో సున్నా నుంచి పది వరకు అంకె వేయమంటారు. నేలమీద కూర్చుని పిల్లతో ఆడుకోవడం, గంటసేపు కూర్చుని పని చేయడం, ఎవరి సాయమూ లేకుండా సంచి మోయడం వంటి మాటలు వస్తాయి. చికిత్స లక్ష్యాలు అవే. తాము ఇష్టపడని లక్ష్యం కోసం ఎవరూ ఆరు నెలలు వ్యాయామం చేయరు.

ఆ తరువాత మీరు ఎక్కువగా భయపడే కదలికను మీతోనే చేయించి, దాన్ని చేసే తీరు మారిస్తే నొప్పి మారుతుందేమో చూస్తారు. వంగి చెప్పు తీయమంటే మీరు ఊపిరి బిగించి, వీపును కర్రలా నిలిపి, మోకాళ్లు మాత్రం వంచి కిందికి దిగుతారు. ఊపిరి వదులుతూ, పొట్ట సడలిస్తూ, వెన్నును సహజంగా గుండ్రంగా వంగనిచ్చి అదే పని చేయమంటారు. చాలామందికి ఆ గదిలోనే, ఆ పది నిమిషాల్లోనే నొప్పి కొంత తగ్గడం అనుభవంలోకి వస్తుంది. తగ్గకపోయినా, భయపడ్డ ఉపద్రవం జరగలేదన్నది తెలుస్తుంది. డిస్కులు బలమైనవని నేను ఎన్నిసార్లు చెప్పినా అంతగా నాటుకోదు. వంగితే ఏమీ కాలేదని ఆ శరీరమే చూసిన క్షణం నాటుకుంటుంది. అందుకే నొప్పి గురించి బోధన ఒక్కటే చేసి వదిలేస్తే ఫలితం స్వల్పం, కదలికతో కలిపినప్పుడే అది పనికొస్తుంది.

వ్యాయామం ఏది అన్న ప్రశ్న మీద మా వృత్తిలోనే గొడవలున్నాయి. దీర్ఘకాలిక నడుము నొప్పికి వ్యాయామం మీద జరిగిన 249 ప్రయోగాలను కలిపి 2021లో, వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ ఒక సమీక్ష వెలువరించింది. ఏ చికిత్సా లేకపోవడంతోనో మామూలు సంరక్షణతోనో పోలిస్తే వ్యాయామం చేసినవారి నొప్పి వందకు సుమారు 15 పాయింట్లు ఎక్కువ తగ్గింది. అది అద్భుతమేమీ కాదు, అయినా కొట్టిపారేయదగినదీ కాదు. నా అనుభవంలో, నడుము నొప్పికి ఏ ప్రత్యేక వ్యాయామం మిగతావాటి కన్నా గొప్పదన్న వాదన కన్నా, మనిషి ఏది మానకుండా చేయగలడన్నదే ఫలితాన్ని నిర్ణయిస్తుంది. నడక, ఈత, యోగా, బరువులు, ఏదైనా సరే. "లోతు పొట్ట కండరాన్ని" విడిగా బిగించే వ్యాయామాలు ఒకప్పుడు మాకు మంత్రంలా ఉండేవి. అప్పటికే ఒళ్లంతా బిగించి ఉంచే మీవంటి వారికి వాటిని ఇవ్వడం నాకు సమ్మతం కాదు.

వ్యాయామం కన్నా దాని మోతాదు దగ్గరే ఎక్కువమంది దెబ్బ తింటారు. బాగున్న రోజున ఇంటి పనంతా ఒకేసారి చేసేయడం, తరువాత మూడు రోజులు మంచం పట్టడం. మళ్లీ బాగున్న రోజు కోసం ఎదురుచూడడం. ఈ తీరులో పని చేయడానికైనా ఆపడానికైనా సంకేతం ఇచ్చేది నొప్పే. ఆ పెత్తనాన్ని నొప్పి చేతిలోంచి తీసి గడియారం చేతిలో పెట్టాలి. 1970లలో విల్బర్ట్ ఫోర్డైస్ నొప్పి చికిత్సలోకి తెచ్చిన ఈ ఆలోచన ఇప్పటికీ పాతబడలేదు. ఉదాహరణకు ఒక వారం పాటు, నొప్పి పెద్దగా పెరగకుండా ఎంతసేపు నడవగలుగుతున్నారో రాసుకోండి. మంచి రోజు ఇరవై నిమిషాలు, చెడ్డ రోజు ఎనిమిది నిమిషాలు వచ్చిందనుకుందాం. అప్పుడు ఏడు నిమిషాలతో మొదలుపెట్టి, మంచి రోజైనా చెడ్డ రోజైనా అంతే నడవాలి. ప్రతి వారం ఒకటి రెండు నిమిషాలు పెంచాలి. చెడ్డ రోజున కదలడం కన్నా బాగున్న రోజున ఆపేయడమే కష్టమని ఎక్కువమంది నాతో ఫిర్యాదు చేస్తారు. వ్యాయామం చేస్తున్నప్పుడు నొప్పి కొంత పెరగడం తప్పు కాదు. మరునాటికి మామూలు స్థాయికి దిగితే మోతాదు సరిగా ఉన్నట్టు, దిగకపోతే ఒక మెట్టు వెనక్కి తగ్గాలి, మానకూడదు.

నిద్ర, మనసు, ఉద్యోగం విషయాల్లో ఫిజియోథెరపిస్టు చేయగలిగింది ఎంతో, చేయకూడనిది ఏమిటో కూడా చెప్పాలి. రోజూ ఒకే వేళకు లేవడం, పగటి నిద్రను తగ్గించడం, మెలకువ వచ్చినప్పుడు గంటలకొద్దీ మంచం మీద పొర్లకుండా కాసేపు లేచి కూర్చోవడం వంటివి మేము నేర్పగలం. నెమ్మదిగా, పొడవుగా ఊపిరి వదలడం వంటి సడలింపు పద్ధతులు బిగింపు తగ్గించడానికి పనికొస్తాయి. కుర్చీ ఎత్తు గురించి గంటలు మాట్లాడడం కన్నా, అరగంటకోసారి లేచి రెండు నిమిషాలు తిరగడానికి కార్యాలయంలో అనుమతి అడగడం ఎక్కువ మేలు చేస్తుంది. ఏకైక సరైన భంగిమ అన్నది లేదు, ఒకే భంగిమలో ఎక్కువసేపు ఉండకపోవడమే మేలు. గాఢమైన దిగులు, జీవితం మీద విరక్తి, పాత హింసల జ్ఞాపకాలు ఉన్నప్పుడు మాత్రం మానసిక నిపుణుల సాయం కావాలి. దాన్ని సూచించినందుకు నొప్పిని నమ్మడం లేదని అనుకోకండి. ఒకే మనిషికి ఇద్దరు నిపుణులు కలిసి పని చేయడం ఈ పద్ధతిలో లోపం కాదు. నొప్పికి వివిధ శాఖల వైద్యులు ఒకచోట కూర్చోవాలని మొదట గట్టిగా చెప్పిన జాన్ బోనికా, కుస్తీ పోటీల్లో తగిలిన గాయాల వల్ల జీవితమంతా తీవ్రమైన నొప్పితో బాధపడిన మత్తు వైద్యుడు.

మీరు ఇంతవరకు చేయించుకున్నవాటి గురించి ఒక మాట. దీర్ఘకాలిక నడుము నొప్పికి శస్త్రచికిత్స లేని సంరక్షణపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో మార్గదర్శకాలు విడుదల చేసింది. అందులో అవగాహన కల్పించడం, వ్యాయామం, మసాజ్ వంటి కొన్ని చేతి చికిత్సలు, ఆలోచనలనూ ప్రవర్తననూ మార్చే మానసిక చికిత్సలను సిఫారసు చేసింది. ట్రాక్షన్, అల్ట్రాసౌండ్ తరంగాలతో చేసే చికిత్స, చర్మం మీదుగా ఇచ్చే కరెంటు చికిత్స, నడుము బెల్టులను మామూలు సంరక్షణలో వాడవద్దంది. అంటే మీకు అప్పట్లో కలిగిన ఉపశమనం అబద్ధమని కాదు. వెచ్చదనం, స్పర్శ, ఎవరో శ్రద్ధగా చూస్తున్నారన్న భావన నొప్పిని కొన్ని గంటలు తగ్గించగలవు. మీ జీవితంలో ఆ చక్రం మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది. చేతితో చేసే చికిత్సను నేనూ వాడతాను, కానీ దాని వల్ల దొరికిన ఆ కాస్త తేలికలో కదలిక నేర్పడానికే. పడుకోబెట్టి ఇరవై నిమిషాలు నొక్కి పంపేయడానికి కాదు.

ఆధారం సంగతి అడిగారు. మీ ఫిజియోథెరపిస్టు చేస్తున్నట్టుగా నొప్పిని అర్థం చేయించడం, భయపడే కదలికలను నేర్పి చేయించడం, జీవన విధానం మార్చడం కలిపిన పద్ధతి మీద ఆస్ట్రేలియాలో జరిగిన పెద్ద ప్రయోగం 2023లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. మూడు నెలలకు మించి నడుము నొప్పి ఉన్న 492 మంది అందులో ఉన్నారు. 12 వారాల్లో ఏడు సార్లకు మించకుండా, 26వ వారంలో మరొకసారి చికిత్స ఇచ్చారు. మామూలు సంరక్షణ పొందినవారి కన్నా వీరిలో నొప్పి, పనులకు కలిగే ఆటంకం రెండూ స్పష్టంగా తగ్గాయి, ఆ తేడా ఏడాది తరువాత కూడా నిలిచింది. కదలికలను కొలిచే సెన్సార్లను అదనంగా వాడిన గుంపుకు వాటి వల్ల ప్రత్యేకంగా లాభం కలగలేదు. ఈ చికిత్స ఇచ్చినవారు దానికోసం నెలల పాటు శిక్షణ పొందినవారన్నది కూడా గుర్తుంచుకోవాలి. పేరు ఒకటే పెట్టుకున్న ప్రతివారి దగ్గరా అదే ఫలితం వస్తుందని అనుకోలేం.

ఆ పేరు ఇప్పుడు అమ్మకపు మాటగా కూడా మారింది. మసాజ్, సూదులు, ఒంటికి అంటించే కప్పులు, ఆహార ప్రణాళిక, ధ్యానం అన్నీ ఒక ప్యాకేజీగా కట్టి, ముందుగానే ముప్పై సార్లకు డబ్బు కట్టించుకుని దాన్ని సమగ్ర చికిత్స అంటారు. చికిత్సల సంఖ్య పెరిగినంత మాత్రాన మనిషిని మొత్తంగా చూసినట్టు కాదు. అందరూ మీ గురించి ఒకే అవగాహనతో, ఒకే లక్ష్యం కోసం పని చేస్తున్నారా, వారాలు గడిచేకొద్దీ మీరు వారి మీద తక్కువ ఆధారపడుతున్నారా అన్నవి చూడండి. ప్రతిసారీ మీ వెన్ను "పక్కకు జరిగింది" అని చెప్పి దాన్ని సర్దేవారు ఎంత ఆప్యాయంగా మాట్లాడినా ఆ పద్ధతికి దూరమే.

ఎంతకాలం పడుతుందన్న దానికి, మీరు నాలుగేళ్లుగా బాధపడుతున్నారు గనుక, మూడు నెలలు నిజాయితీగా ప్రయత్నించాక అంచనా వేయమంటాను. మొదట మారేది సాధారణంగా నొప్పి అంకె కాదు. పనులు పెరుగుతాయి, నొప్పి గురించిన ఆలోచన తగ్గుతుంది, నిద్ర కుదుటపడుతుంది, నొప్పి అంకె వీటి వెనుక నెమ్మదిగా దిగుతుంది. పదికి రెండు పాయింట్లు లేదా సుమారు 30 శాతం తగ్గడాన్ని రోగులకు అర్థవంతమైన మెరుగుదలగా పరిశోధకులు లెక్కిస్తారు. కొందరికి నొప్పి పూర్తిగా పోతుంది, కొందరికి మిగిలే ఉంటుంది కానీ జీవితాన్ని శాసించదు, కొద్దిమందికి ఈ పద్ధతి కూడా పెద్దగా పని చేయదు. మధ్యలో నొప్పి ఒక్కసారిగా ఎగసే రోజులు తప్పకుండా వస్తాయి. వాటికి ముందే ఒక కాగితం మీద ప్రణాళిక రాసుకోండి: మొదటి రెండు రోజులు మోతాదు సగానికి తగ్గించడం, వెచ్చటి కాపడం, ఊపిరి వ్యాయామం, గంటకోసారి కొద్దిసేపు నడవడం, మూడో రోజు నుంచి తిరిగి పెంచడం, కొత్తగా బలహీనత లేదా మొద్దుబారడం కనిపిస్తే తప్ప కొత్త స్కాను కోరకపోవడం. నొప్పి ఎగసిన రోజున ఆలోచించి నిర్ణయం తీసుకోవడం ఎవరికీ సాధ్యం కాదు, అందుకే ముందుగా రాసుకోమంటున్నాను.

చివరిగా మాత్రలు. మీరు రాసినవాటిలో ఒకటి నరాల నొప్పికి ఇచ్చే ప్రెగాబలిన్, మరొకటి నల్లమందు జాతికి చెందిన ట్రామడాల్. ఈ రెండింటినీ మీ అంతట మీరు హఠాత్తుగా మానేయకూడదు. చెమటలు, నిద్రలేమి, ఆందోళన, నొప్పి పెరగడం, అరుదుగా మూర్ఛ కూడా రావచ్చు, పైగా ఆ బాధంతా వ్యాయామం వల్లే వచ్చిందని మీరు పొరబడే ప్రమాదం ఉంది. వాటిని రాసిన వైద్యుడితో మాట్లాడి, ఒకసారికి ఒక మందు చొప్పున, వారాల మీద మోతాదు తగ్గించే పట్టిక అడగండి. నడక సమయం, నిద్ర రెండూ కనీసం నాలుగైదు వారాలుగా స్థిరంగా ఉన్నప్పుడు మొదలుపెట్టడం మంచిది. ఆ పట్టిక ఒక ప్రతిని మీ ఫిజియోథెరపిస్టుకు కూడా ఇవ్వండి, మోతాదు తగ్గే వారాల్లో ఆయన వ్యాయామాన్ని పెంచకుండా ఉన్నచోటే నిలుపుతారు.